పూజలో పెట్టిన కళ్లద్దాలు

2022 దసరా బుధవారం నాడు వచ్చింది. వెల్డింగ్ మేస్త్రీ శ్రీశైలం కంట్లో ఇనుప ముక్క పడింది ఆ రోజే. ఆయన మా ఆస్పత్రి మెట్లెక్కింది మాత్రం శుక్రవారం పొద్దున. ఆ కేసు గురించి రాయమని మా వాళ్లు చాలాసార్లు అన్నారు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా కోపమొచ్చి లేచిపోయేదాన్ని. ఈసారి కోపంతోనే రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంటి ఆస్పత్రిలో నేను చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. పొద్దుటి పూట ఎమర్జెన్సీ గది నాది. కంటి ఆస్పత్రి అనగానే ముసలివాళ్ల శుక్లాలు, బడిపిల్లల అద్దాలు అనుకుంటారు. ఒక్క పూట మా గదిలో కూర్చుంటే ఆ అభిప్రాయం మారిపోతుంది. ఇటు మీర్‌పేట్ నుంచి అటు పెద్ద అంబర్‌పేట్ దాకా ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ఇల్లు లేచిన చోటల్లా గేటు కావాలి, కిటికీలకు గ్రిల్స్ కావాలి, మెట్లకు రెయిలింగ్ కావాలి. వాటి కోసం సందుకో వెల్డింగ్ షాపు. ఆ షాపుల్లో ఇనుమును కోసేది, అతుకులను నున్నగా చేసేది చేత్తో పట్టుకునే గ్రైండరు. అది చిమ్మే రజనులో కొంత నేల మీద పడుతుంది, కొంత మా గదికి వస్తుంది.

కంట్లో పడిన ముక్కను మేము ఫారిన్ బాడీ అంటాం, బయటి నుంచి వచ్చి పడ్డదని. "ఫారిన్‌ది కాదు సిస్టర్, మా సాగర్ రోడ్డుదే" అని ఒకాయన మా గదిలో అందరినీ నవ్వించాడు. చాలావరకు ఆ ముక్క కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొరకు, అంటుకుని ఉంటుంది. మొద్దుబారే చుక్కలు వేసి, స్లిట్ ల్యాంప్ అనే యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతాం. దీపం వెలుగులో కన్ను పెద్దగా కనిపిస్తుంది, డాక్టరు సూదిమొనతో ముక్కను తీసేస్తారు. కట్టు కట్టి, చుక్కలిచ్చి పంపిస్తాం. నెల తిరక్కుండా అదే మనిషి అదే కుర్చీలో. "ఏందన్నా, మల్లొచ్చినవా? నీకు ఈడ బస్‌పాస్ ఇప్పియ్యాల్నా?" అంటాను. నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

శ్రీశైలం కూడా నవ్వుతూనే వచ్చాడు. పండుగకు కొన్న చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. ముప్పై అయిదు దాటని మనిషి. సొంతూరు పోచంపల్లి దగ్గర, ఇంట్లో మగ్గాలు. ఆయన మాత్రం పట్నం వచ్చి వెల్డింగ్ నేర్చుకుని, ఎల్బీనగర్ దాటాక ఉన్న ఒక గేట్ల షాపులో మేస్త్రీ అయ్యాడు. వెంట భార్య కవిత వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనే చీరల షాపులో సేల్స్‌లో ఉంటుందట, ఆయనను చూపించి డ్యూటీకి పోదామని యూనిఫాం చీరతోనే వచ్చేసింది.

"జర మసక కొడుతున్నది సిస్టర్. మొన్న పూజ కాడ ఏదో పడ్డది. అప్పుడే తుడుచుకున్న, పోయింది. మెడికల్ షాపుల చుక్కలిస్తే ఏస్కున్న" అన్నాడు శ్రీశైలం.

"మొన్న పడితే ఇయ్యాల ఒస్తావన్నా?"

"నొప్పి లేకుండె సిస్టర్. అయినా పండుగ పూట దవాఖానకు ఎవలొస్తరు? సాయంత్రం పాలపిట్టను గూడ చూసిన. మంచే అయితదనుకున్న."

చుక్కల సీసా చూశాను. స్టెరాయిడ్ కలిసిన మందు. దాన్ని వేస్తే కంటి ఎరుపు తగ్గుతుంది. ఎరుపు తగ్గింది కదా అని మనిషి ఇంట్లో కూర్చుంటాడు, లోపల చీము తన పని తాను చేసుకుపోతుంది. ఆ మెడికల్ షాపువాడు కన్ను చూడలేదు, పేరు అడగలేదు, "ఎర్రగున్నదా, గిది ఏస్కో" అన్నాడట. చేతులెత్తి దండం పెట్టాలి ఇలాంటి వాళ్లకు.

ఎవరొచ్చినా, ఏ కంటికి తగిలినా, ముందు రెండు కళ్ల చూపూ పరీక్షించాలి. అది మా దగ్గర నియమం. దెబ్బ తగిలిన ఎడమ కంటికి, ముఖం ముందు చేయి ఊపితే ఊగుతున్నట్టు తెలుస్తోంది, అంతే.  కంగారు పైకి కనబడనివ్వకుండా ఆ కన్ను మూసి, "ఇప్పుడు కుడి కంటితో చూసి, గోడ మీది బోర్డుల అన్నిటికన్న పెద్దక్షరం ఏందో చెప్పు" అన్నాను.

మెడ ముందుకు చాచాడు.

"సరిగ్గ చూడన్నా."

"సరిగ్గనే చూస్తున్న సిస్టర్."

"అక్షరం ఏంది మరి?"

శ్రీశైలం నవ్వు అక్కడ ఆగింది. భార్య వైపు ముఖం తిప్పాడు, మళ్లీ నా వైపు తిప్పాడు. "గది కనపడది సిస్టర్. చిన్నప్పటి సంది గంతే. దగ్గరికొస్తే చేతి ఏళ్లు లెక్కపెడ్త. దూరంది ఏం దెల్వది."

కవిత చేతిలో బ్యాగు పట్టుకుని అలాగే నిలబడింది. "ఏ కన్ను?" అంది.

"కుడిది."

"కుడిది కనపడదా నీకు?"

దీన్ని మేము లేజీ ఐ అంటాం. చిన్నతనంలో ఒక కన్ను సరిగా వాడకంలోకి రాక, చూపు ఎదగకుండా ఆగిపోవడం. బడిలో ఎవరైనా పరీక్షించి ఉంటే అప్పుడే సరిదిద్దేవాళ్లు. ఎవరూ చూడలేదు, ఈయన చెప్పలేదు. పక్క మనిషికి చూస్తే తెలియదు, గుడ్డు మామూలుగానే ఉంటుంది.

"మగ్గం మీద తెగిన పోగు చేతికి అందకపోయేది. నాయిన తిట్టేటోడు. అందుకే ఇనుము పట్టిన" అన్నాడు శ్రీశైలం. "షాపుల ఎవ్వనికీ తెల్వది సిస్టర్. పైపు సీదా ఉన్నదా లేదా చూస్తానికి అందరు ఒక కన్ను మూస్తరు గద. నాకు మూసే పని లేకుండె."

కవిత గోడకు ఆనుకుంది. "పెండ్లయి ఇన్నేండ్లాయె. నాకు గూడ చెప్పలె" అంది.

"చెప్తె నువ్వు పరేషాన్ అయితవని."

"ఇప్పుడు అయితలేనా?"

నేను అప్పటికే డాక్టరమ్మ గదికి పరుగెత్తాను. ఒక కన్ను పోతే ఇంకో కన్ను ఉందిలే అని ధైర్యం చెప్పే వీలు ఈ మనిషికి లేదు. ఉన్నది ఒక్కటే కన్ను. ముక్క పడింది దాంట్లోనే.

మా డాక్టరమ్మది గుంటూరు వైపు. చాలా నెమ్మదిగా మాట్లాడతారు. స్లిట్ ల్యాంప్ ముందు చాలాసేపు చూసి, నన్ను కూడా చూడమన్నారు. కార్నియా మీద వెంట్రుక మందం గాటు. నల్లగుడ్డు కింది అంచున తెల్లటి గీతలా చీము. ముక్క పైన లేదు, లోపలికి దూసుకుపోయింది. వేగంగా వచ్చిన ముక్క అలాగే చేస్తుంది. సన్నటి గాటు పెట్టి లోపలికి పోతుంది, గాటు తనంతట తాను మూసుకుంటుంది, పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదని ఇంటికి పోయినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

"పడినప్పుడు ఏం చేస్తున్నారండీ? సుత్తితో కొట్టారా, గ్రైండర్ పట్టారా?" అని అడిగారు డాక్టరమ్మ.

"వీడియో ఉన్నది మేడం" అంది కవిత. స్టేటస్‌లో పెట్టారట. ఫోన్ తీసి మా ఇద్దరికీ చూపించింది.

ఆయుధపూజ మీకు తెలిసిందే. ఆ షాపులో గ్రైండర్లు, డ్రిల్లులు, వెల్డింగ్ మిషను, సుత్తెలు అన్నీ కడిగి బల్ల మీద పేర్చారు. పసుపు, కుంకుమ, బంతిపూలు. ఆ వరుస చివర కళ్లద్దాలు కూడా ఉన్నాయి, పనిలో పెట్టుకునే పక్కలు మూసిన గాగుల్స్. ప్రతి అద్దానికీ నడిమధ్యలో ఇంతింత కుంకుమ బొట్టు. గుమ్మడికాయ కొట్టాక, మేస్త్రీ చేత మొదటి కోత కోయిస్తారు. ఆ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి కోతకు నిప్పురవ్వలు ఎంత ఎత్తు లేస్తే ఆ ఏడాది అంత గిరాకీ అట. రవ్వలు పైకి లేవాలంటే గార్డు ఉండకూడదు. గార్డు అంటే తిరిగే చక్రానికి ఒక పక్క అడ్డంగా ఉండే ఇనుప రేకు, రవ్వలు గానీ విరిగిన చక్రం ముక్కలు గానీ మనిషి మీదికి రాకుండా కాపాడేది. దాన్ని విప్పి పక్కన పెట్టారు. ప్రాణాన్ని కాపాడే వస్తువు అందానికి అడ్డం వచ్చింది పాపం!

వీడియోలో శ్రీశైలం వంగి, పాత ఇనుప రాడ్డు మీద గ్రైండరును అదిమి పట్టాడు. కళ్ల ముందు ఏమీ లేదు. రవ్వలు తల దాటి లేచాయి. ఫోన్ పట్టుకున్నవాడి గొంతు వినిపిస్తోంది, "ఇంక లేపన్నా, ఇంక లేపు!" అని. ఆ గొంతు మల్లేశ్‌దట, అదే షాపులో వెల్డరు. శ్రీశైలం ఇంకా లేపాడు. ఉన్నట్టుండి తల వెనక్కి లాక్కుని, మోచేత్తో కన్ను తుడుచుకుని, నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దానికి వెనకాల పాట కూడా జోడించి పెట్టారు.

"అద్దాలు ఆడనే ఉన్నయ్ గద. ఎందుకు పెట్టుకోలె?" అని అడిగాను.

"పూజల ఉండె సిస్టర్. బొట్టు పెట్టినంక ముట్టొద్దు గద, తెల్లారి దీసేదాక."

"మరి గ్రైండరు గూడ పూజలనే ఉండె. దానికి గూడ బొట్టు పెట్టిండ్రు. దాన్నెట్ల ముట్టినవ్?"

  ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటిదాకా ఎవరి దగ్గరా దొరకలేదు నాకు.

ఎక్స్‌రేలో, ఆ తర్వాత స్కాన్‌లో ముక్క కనిపించింది. కంటి లోపల వెనక భాగంలో, తెల్లటి చుక్క. ఇలాంటి వాళ్లకు ఎమ్మారై తీయకూడదు, ఆ అయస్కాంతం ఇనుప ముక్కను కదిలించి ఇంకా చీలుస్తుంది. మధ్యాహ్నమే ఆపరేషన్. థియేటర్‌లో మనుషులు తక్కువైతే నన్ను పిలిచారు. దాన్ని విట్రెక్టమీ అంటారు. కంటి లోపల నిండి ఉండే జెల్లీ లాంటి పదార్థాన్ని, దాంతో పాటు చీమును తీసేసి, సన్నటి పట్టుకారుతో ముక్కను బయటికి తేవడం. రెటీనా డాక్టరు చాలాసేపు కష్టపడ్డారు. చివరికి ముక్క గాజుగుడ్డ మీదికి వచ్చింది. నువ్వుగింజలో సగం ఉంటుంది. నాకు దాన్ని తీసుకెళ్లి ఆ చప్పట్లు కొట్టినవాళ్లందరి ముందూ పెట్టాలనిపించింది.

బయట వరండాలో షాపు ఓనరు సత్తయ్య సేటు కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు అని రాయడం సులువు. కానీ మనిషి నిజంగానే ఏడ్చి ఉన్నాడు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. శ్రీశైలం చేతి పని లేకపోతే తన షాపు లేదని నాతో రెండుసార్లు అన్నాడు. డాక్టరమ్మ కేసు షీట్ రాయడానికి వివరాలు అడిగేసరికి మాత్రం గొంతు మారింది.

"పనిల తాకిందని రాయొద్దు మేడం. షాపు ఆ దినం బంద్ ఉండె. అది పని గాదు, పూజ."

"చక్రం తిరిగిందా లేదా అండీ?" అన్నారు డాక్టరమ్మ.

"తిరిగింది."

"అయితే నేను అదే రాస్తాను. పూజా, పనా అనేది మీరూ మీరూ తేల్చుకోండి. కంటికి ఆ తేడా తెలియదు."

సత్తయ్య నా వైపు తిరిగాడు. "నా షాపుల అందరికి అద్దాలున్నయ్ సిస్టర్. లేవని ఎవ్వరన్న అంటే చెప్పు. గిదో, ఫోటో చూడు" అని పూజ బల్ల ఫోటో చూపించాడు. బొట్లు పెట్టిన ఆ గాగుల్స్! వాటి ప్లాస్టిక్ కవర్లు కూడా పూర్తిగా ఊడలేదు.

"ఎన్నడన్న పెట్టుకుంటరా ఇవి?"

"అపార్ట్‌మెంట్ సైటుకు పోతే ఇంజినీరు అడుగుతడు. అప్పుడు పెట్టుకుంటరు."

"అంటే ఇంజినీరు కోసం పెట్టుకుంటరు, దేవుని ముందర పెడ్తరు. కండ్లకు మాత్రం పెట్టరు. శబాష్ సేటూ!"

"మీరు చర్చికి పోతరు సిస్టర్, మా పూజల సంగతి మీకు తెల్వది" అన్నాడు నా మెడలోని సిలువ చూస్తూ, చిన్నబుచ్చుకుని.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా తమ్ముడు కూడా ఇదే పని చేస్తాడు. కొత్త డ్రిల్లు కొన్నప్పుడు పాస్టరు గారిని పిలిపించి, దాని మీద చేయి పెట్టించి ప్రార్థన చేయించాడు. అద్దాలు మాత్రం ఇప్పటికీ కొనలేదు, దేవుడున్నాడట. పూజలో గానీ ప్రార్థనలో గానీ తప్పు లేదు సేటూ అని చెప్పాను. దేవుడి మీద భారం వేసి, మనం చేయాల్సిన ఒక్క పని మానేస్తున్నామే, అక్కడ నాకు కడుపు మండుతోంది అన్నాను. నా గొంతు పెద్దదయిందేమో, డాక్టరమ్మ నా భుజం మీద చేయి వేసి లోపలికి తీసుకుపోయారు.

ఇన్ఫెక్షన్ తగ్గింది. గుడ్డు నిలిచింది. చూపు నిలవలేదు. కట్టు విప్పిన రోజు ఎడమ కంటికి వెలుతురు ఎటు నుంచి వస్తోందో తెలిసింది, అంతకు మించి ఏమీ లేదు. రెటీనా చాలావరకు చెడిపోయింది. ఇంకోసారి ఆపరేషన్ చేశారు, ఫలితం లేదు. బుధవారమే వచ్చి ఉంటే చూపు దక్కేదా అని కవిత డాక్టరమ్మను అడిగింది. దక్కే అవకాశం చాలా ఎక్కువ ఉండేదమ్మా అన్నారు డాక్టరమ్మ, అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. కవిత భర్త వైపు తిరిగింది. ఆయన చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకుంటే విప్పి సరిచేసింది.

ఇప్పుడు శ్రీశైలానికి మిగిలింది దగ్గరగా పెడితే వేళ్లు లెక్కపెట్టగల ఆ కుడి కన్నే. ఇంట్లో గోడ పట్టుకుని తిరుగుతాడు. రోడ్డు దాటలేడు. ఇంత పెద్ద మేస్త్రీ, ఎన్ని ఇళ్లకు గేట్లు బిగించాడో, తన కిరాయి ఇంటి గేటు గొళ్లెం తడుముకుంటాడని కవిత చెప్పింది. సత్తయ్య కొన్ని నెలలు వచ్చిపోయాడు, తర్వాత ఫోన్లు చేశాడు, తర్వాత అవీ లేవు. పరిహారం ఇవ్వాలంటే తేలాల్సిన పనా, పూజా అనే సంగతి ఈనాటికీ తేలలేదు.

ఈ కేసు తర్వాత నేను అడిగే ప్రశ్న మారింది. "అద్దాలున్నాయా?" అని ఎవరినీ అడగను. అందరి దగ్గరా ఉంటాయి. "ముక్క పడ్డప్పుడు అద్దాలు ఎక్కడున్నాయి?" అని అడుగుతాను. నెత్తి మీద, మేకుకు, జేబులో, టూల్ బాక్సులో. ఒక్క జవాబు కూడా కళ్ల మీద అని రాదు. ఎప్పుడు పడిందని అడిగితే, పెద్ద పని చేస్తున్నప్పుడు అని చెప్పేవాళ్లు తక్కువ. "జర చిన్న కోత సిస్టర్", "ఊకె టెస్ట్ చేసిన", "ఒక్క నిమిషం". పని అని పేరు పెట్టని పని దగ్గరే కళ్లు పోతున్నాయి.

కాబట్టి చదివేవాళ్లలో గ్రైండరు పట్టేవాళ్లుంటే, లేదా మీ ఇంటికి గేటు చేయించుకుంటూ పక్కన నిలబడి చూసేవాళ్లుంటే, వినండి. బజార్లో దొరికే నల్ల చలువ అద్దాలు పనికిరావు, అవి పగిలి కంట్లోనే గుచ్చుకుంటాయి. పక్కలు మూసిన సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోవాలి, వాటి మీద ఫేస్ షీల్డ్, అంటే ముఖమంతా కప్పే పారదర్శకమైన తొడుగు ఉంటే ఇంకా మంచిది. గార్డు విప్పకూడదు. పడిందా, నలపకండి, అగ్గిపుల్లతో గీకకండి, తువ్వాల కొసతో తీయకండి, మెడికల్ షాపుకు పోకండి. లోపలికి పోయిందన్న అనుమానం ఉంటే కన్నును నొక్కకుండా పైన కాగితపు గ్లాసు లాంటిది కప్పి, నొప్పి లేకపోయినా సరే, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి రండి. పండుగ రోజున కూడా మా తలుపులు తెరిచే ఉంటాయి.

ఇవన్నీ గోడ మీద బొమ్మలతో సహా అంటించాం. ఎవరూ చదవరు. చదివించాల్సిన అవసరం ఒక్కసారి మాత్రం రాలేదు.

కిందటి ఎండాకాలం, శ్రీశైలం కంటి ప్రెషర్ చూపించుకోవడానికి వచ్చి మా గదిలో బెంచీ మీద కూర్చున్నాడు. కవిత చీటీ రాయించడానికి కౌంటర్‌కు వెళ్లింది. అప్పుడే ఒక మనిషి కన్ను మూసుకుని లోపలికి వచ్చాడు. ముక్క పైపైనే ఉంది, తీసేస్తే పోయేదే. కుర్చీలో కూర్చోబెట్టి చుక్కలు వేస్తూ, అద్దాలు ఎక్కడున్నాయని నా ప్రశ్న అడిగాను.

"నెత్తి మీద ఉండె సిస్టర్. ఎండకు చెమటొచ్చి అద్దం మసక అయితున్నది. ఏం కనపడది. చిరాకైతది, అందుకే మీదికి ఎత్తుకున్న."

బెంచీ మీద శ్రీశైలం తల ఎత్తాడు. ముఖం గుర్తుపట్టే చూపు లేదు, గొంతును పట్టుకున్నాడు. "ఎవలు? మల్లేశా?"

ఆ రోజు ఫోన్ పట్టుకుని ఇంక లేపన్నా అని అరిచిన మల్లేశ్. కుర్చీలోంచి లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు. "అన్నా... నువ్వా" అన్నాడు.

"అద్దం మసకైతె ఏంజేస్తవ్‌రా?"

"తీసి తుడుస్త అన్నా."

"తుడిస్తె పోతదా?"

"పోతది."

శ్రీశైలం తన కుడి కంటి ముందు అరచేయి పెట్టి, మెల్లగా అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు.

"నాది తుడిస్తె పోతలేదురా."